నమాజు చూసి నోట్లివ్వకండి



మా ఖాలా ఒకామె కడపలో ఉంటుంది. పదకొండేళ్లు కువైట్‌లో ఒక షేక్ ఇంట్లో వంట చేసింది. ఎండాకాలం ఆ దేశంలో వంటింటి వేడి ఎట్లుంటుందో ఆమె చెప్తే మన కడప ఎండ కూడా చల్లగా అనిపిస్తుంది. ఇద్దరు ఆడపిల్లల నికాహ్‌లు చేసి, ఇంటికి స్లాబు వేసి, అన్నీ పోను 6 లక్షలు మిగుల్చుకుని వచ్చింది. ఆ డబ్బు ఏం చేయాలా అని ఆలోచిస్తున్నప్పుడు, మస్జిద్ పక్కన ఆఫీసు తెరిచిన ఒక కంపెనీ గురించి ఎవరో చెప్పారు. "సూద్ కాదమ్మా, హలాల్ వ్యాపారం. నెలనెలా మునాఫా ఇస్తారు. నడిపేవాళ్లు ఐదు పూటల నమాజీలు."

ఖాలా నాకు ఫోన్ చేసింది. నేను నాలుగు అక్షరాలు చదువుకున్నోడినని ఆమె నమ్మకం. "బేటా, పెట్టొచ్చా?" అని అడిగింది. అప్పుడు నేనేదో పనిలో ఉన్నాను. "అందరూ మంచోళ్లే అంటున్నారు కదా ఖాలా, చూడండి మరి" అన్నాను. అంతే. అరనిమిషం కూడా పట్టలేదు.

ఎనిమిది నెలలు నెలకు 15 వేల చొప్పున వచ్చాయి. అంటే లక్షా 20 వేలు. ఆ సంతోషంలో తన ఆడబిడ్డ చేత, పక్కింటి ఆపా చేత కూడా డబ్బు పెట్టించింది. తొమ్మిదో నెల ఆఫీసుకి తాళం. ఖాలా పోగొట్టుకున్నది 4 లక్షల 80 వేలు. కానీ ఆమెను తినేస్తున్నది ఆ లెక్క కాదు. ఈ రోజుకీ పక్కింటి ఆపా ఎదురైతే తల దించుకుని పోతుంది. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధ.

ఎవరినైతే మష్వరా అడుగుతారో ఆ మనిషి అమానత్‌దారు అని మన రసూల్ (స) చెప్పిన మాట జుమా ఖుత్బాల్లో ఎన్నిసార్లు విన్నాం! ఆ రోజు ఆ అమానత్‌లో ఖయానత్ చేసింది నేనే. అందుకే ఈ వ్యాసం.

*

ముందు ఒక వాకియా గుర్తు చేస్తాను. మీలో చాలామంది వినే ఉంటారు. హజ్రత్ ఉమర్ (రజి) దగ్గర ఒకాయన ఇంకొకరి గురించి "చాలా మంచి మనిషి" అని గవాహీ ఇవ్వబోయాడట. ఉమర్ (రజి) అడిగిన ప్రశ్నలు మూడు. నువ్వు అతని పొరుగింటివాడివా? అతనితో సఫర్ చేశావా? దీనార్ దిర్హమ్‌ల లావాదేవీ ఎప్పుడైనా జరిపావా? మూడింటికీ "లేదు" అనే జవాబు. అయితే మస్జిద్‌లో అతను తల వంచి నిలబడటం చూసి ఉంటావు, అతని సంగతి నీకు తెలీదు పో, అన్నారట.

ఆ ఖలీఫాకి తెలిసింది మనకు తెలియలేదు. మనం మనిషిని గడ్డంతో, టోపీతో, సలామ్ చెప్పే తీరుతో కొలుస్తున్నాం. బంగారం కొనడానికి ప్రొద్దుటూరు పోతే గీటురాయి మీద గీయనిదే నమ్మం. మనిషిని మాత్రం గీటు పెట్టకుండానే నమ్మేస్తాం.

ఇది మా ఖాలా ఒక్కదాని కథ అయితే రాసేవాణ్ణి కాదు. మన తిరుపతి నుంచే పైకొచ్చిన హీరా గ్రూపు సంగతి చూడండి. హలాల్ వ్యాపారం, ఏడాదికి 36 శాతం దాకా నఫా అని చెప్పి దేశంలోనూ గల్ఫ్‌లోనూ లక్షకు పైగా జనం దగ్గర డబ్బు తీసుకుంది. 2018 అక్టోబరులో దాని అధినేత్రిని హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. వసూలు చేసింది 5 వేల కోట్ల పైమాటే అని ఈడీ లెక్క. దోషం ఎవరిదో కోర్టు తేలుస్తుంది. కానీ ఇన్నేళ్లుగా అసలు కోసం తిరుగుతున్న కుటుంబాలు మన కళ్ల ముందే ఉన్నాయి.

బెంగళూరులో ఐఎంఏ అయితే ఇంకా దారుణం. 2019 జూన్‌లో దాని యజమాని ఒక ఆడియో వదిలి దుబాయ్ పారిపోయాడు. జులైలో ఢిల్లీ విమానాశ్రయంలో దొరికాడు. ఈలోపు శివాజీనగర్‌లో వేలమంది, అందులో బురఖాలు వేసుకున్న ఆడవాళ్లు, ఫిర్యాదు కాగితాలు పట్టుకుని వరుసల్లో నిలబడ్డారు. ఆ వరుసల్లో ఉన్నది బిడ్డల నికాహ్‌కి దాచుకున్న పైసా, విధవరాళ్ల పైసా, హజ్‌కి కూడబెట్టిన పైసా.

ఇది ముసల్మాన్ల జబ్బు ఒక్కటే అని ఎవరూ అనుకోనక్కర్లేదు. మన కర్నూలు, కడప జిల్లాల్లో కేశవరెడ్డి స్కూళ్ల వ్యవహారం గుర్తుందా? పిల్లవాణ్ణి చేర్చేటప్పుడు లక్షల్లో డిపాజిట్ కట్టండి, ఫీజు అక్కర్లేదు, చదువు అయ్యాక అసలు తిరిగి ఇస్తాం అన్నారు. 2015లో ఆ డిపాజిట్లు తిరిగి రాక తల్లిదండ్రులు రోడ్డెక్కారు. ఆ స్కూళ్ల అధిపతి అరెస్టయ్యాడు. మనవాళ్లు కూడా చాలామంది "సూద్ లేదు కదా" అని కట్టారు. ఒక్క నిమిషం ఆలోచిస్తే తెలిసేది: అప్పు ఇచ్చి, ఆ అప్పు వల్ల ఒక ఫాయిదా షరతుగా పొందడాన్ని మన ఫుఖహా ఏ ఖాతాలో రాశారు? సూద్ ఖాతాలోనే. పేరు మార్చినంత మాత్రాన సరుకు మారదు.

అగ్రిగోల్డ్‌లో ఊరి మనిషే ఏజెంటు. మన వీధిలోనే తిరిగేవాడు, మన పెళ్లిళ్లకు వచ్చేవాడు. 2014 చివరికల్లా అది కూలితే, ఎన్నో రాష్ట్రాల్లో కలిపి 30 లక్షలకు పైగా డిపాజిటర్లు ఇరుక్కున్నారు. పది వేల లోపు కట్టినవాళ్లకు 2019లో, ఇరవై వేల లోపు వాళ్లకు 2021లో మన రాష్ట్ర ప్రభుత్వం తన ఖజానా నుంచి ఇవ్వాల్సి వచ్చింది. ఆ ఏజెంట్లలో చాలామంది దొంగలు కారు. వాళ్లూ నమ్మినోళ్లే. మా ఖాలా లాగానే.

అంటే ఒకచోట దీన్ పేరు, ఒకచోట చదువు పేరు, ఒకచోట పొరుగు పేరు. నమ్మకం పుట్టించే ముఖం మారింది గానీ పద్ధతి మారలేదు.

*

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మనవాళ్లు మోసపోవడానికి లాలచ్ ఒక్కటే కారణం కాదు. సూద్ తినకూడదు అనుకునే సామాన్యుడికి ఈ దేశంలో దారులు తక్కువ. 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీ లేని బ్యాంకింగ్ కూడా ఉండాలని సిఫార్సు చేసింది. 2017లో ఆ ఆలోచనని ముందుకు తీసుకెళ్లబోమని రిజర్వ్ బ్యాంకు తేల్చి చెప్పింది. తలుపు మూసేస్తే జనం కిటికీ వెతుక్కుంటారు. ఆ కిటికీ దగ్గరే దొంగ కాపు కాస్తాడు. అది నిజమైన శికాయత్. కానీ మన శికాయత్ నిజమైనంత మాత్రాన దొంగ మంచోడు కాడు.

ముదారబా, ముషారకా అనే మాటలు వాడగానే మనం కరిగిపోతాం. వాటి ఉసూల్ ఏమిటో మాత్రం అడగం. అసలైన ముదారబాలో నఫాలో వాటా ఎంతో ముందే తేల్చుకోవచ్చు, సగం సగమో, అరవై నలభయ్యో. అంతేగానీ "నెలకు ఇంత రూపాయలు గ్యారంటీ" అనే మాట అందులో లేదు. నుక్సాన్ వస్తే అసలు నీదే పోతుంది. నెలనెలా తప్పని మొత్తం ఇస్తానన్నవాడు ముదారబా చేయట్లేదు. సూద్‌కి టోపీ పెడుతున్నాడు, లేదంటే నీ అసలునే ముక్కలు కోసి నీకే ఇస్తున్నాడు. ఖాలాకి వచ్చిన ఆ ఎనిమిది నెలల 15 వేలు ఏమిటి? ఆమె ఆరు లక్షలే, నెలకు కొంచెం.

మన కర్నూలు మార్కెట్ యార్డుకి పోయి ఉల్లి వ్యాపారిని అడగండి, ప్రతి నెలా ఒకే నఫా వస్తుందా అని. ఆదోనిలో పత్తి కొనేవాణ్ణి అడగండి. నవ్వుతారు. నుక్సాన్ వచ్చిన నెల ఒక్కటి కూడా లేని వ్యాపారం భూమ్మీద లేదు. అది ఒక్క బ్రోచర్ కాగితం మీదే ఉంటుంది.

*

మరి ఎవరిని అడగాలి? నా రాయ్ సూటిగా చెప్తాను. డబ్బు విషయంలో మష్వరా ఇవ్వడం ఒక హునర్. దానికి చదువుకున్నవాడు, సర్కారు దగ్గర నమోదైనవాడు, మన దగ్గర మాత్రమే ఫీజు తీసుకునేవాడు కావాలి. అతను ముసల్మానే కానక్కర్లేదు.

ఈ చివరి మాటకి కొందరు భాయీలు నొచ్చుకోవచ్చు. హిజ్రత్ గుర్తు చేసుకోండి. మక్కా అంతా వెతుకుతున్న రోజు, ప్రాణాలకే ఖత్రా ఉన్న రోజు, మదీనా దారి చూపడానికి రసూల్ (స), అబూబక్ర్ (రజి) కుదుర్చుకున్నది ఎవరిని? అబ్దుల్లా బిన్ ఉరైఖిత్‌ని. ఆయన అప్పటికి ఇస్లాంలో లేడు. ఒంటెలు అతనికి అప్పజెప్పారు, మూడు రాత్రుల తర్వాత సౌర్ గుహ దగ్గరికి తీసుకురమ్మన్నారు. అతను మాట తప్పలేదు. దారి తెలిసినవాడు, నోరు కట్టేసుకోగలవాడు, తన పనికి ఉజ్రత్ తీసుకున్నవాడు. మూడు గుణాలు. మనకు కావాల్సిన సలహాదారుడి లెక్క కూడా ఇంతే.

ఉజ్రత్ అంటే గుర్తొచ్చింది. మనకు పెద్ద బీమారీ "ఫ్రీ సలహా". ఎవరైనా నీకు డబ్బు మష్వరా ముఫ్త్‌గా ఇస్తున్నాడంటే, అతని జీతం ఇంకెవరో ఇస్తున్నారని అర్థం. పాతకాలపు ఎండోమెంట్ పాలసీ ఏడాదికి లక్ష రూపాయలది తీసుకున్నావనుకో, మొదటి ప్రీమియంలో పాతిక వేలకు పైనే ఏజెంటుకి కమిషన్‌గా పోవడం మామూలే. నువ్వు ఒక్క రూపాయి ఇవ్వలేదు అనుకుంటావు. ఇచ్చావు, నీకు కనిపించలేదు అంతే. అదే ఒక సలహాదారుడు "నా ఫీజు 15 వేలు" అంటే మనకు గుండె ఆగినంత పని అవుతుంది. ఏది సస్తా, ఏది మహెంగా?

కమిషన్ తీసుకోవడం తప్పు అని నేననను. బీమా ఏజెంటు, మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్, ఇద్దరివీ హలాల్ రోజీలే, చట్టబద్ధమైన పనులే. కానీ వాళ్లు అమ్మేవాళ్లు. అమ్మేవాడిని "నేను కొనాలా?" అని అడిగితే ఏం చెప్తాడు?

*

ఎవరైనా ప్లానర్‌నని మీ ఇంటికొస్తే, చాయ్ ఇవ్వండి, ఇజ్జత్ ఇవ్వండి, ఈ ప్రశ్నలు అడగండి.

ఒకటి. మీ రిజిస్ట్రేషన్ నంబరు ఏది? సెబీ 2013లో ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్లకు నిబంధనలు తెచ్చింది. వాళ్ల నంబరు ఐఎన్ఏ అనే అక్షరాలతో మొదలవుతుంది. సెబీ వెబ్‌సైట్‌లో ఆ పేరు, నంబరు ఉన్నాయో లేదో మీ పిల్లలు ఫోన్‌లో రెండు నిమిషాల్లో చూసేస్తారు. ఏఆర్ఎన్ నంబరు చూపిస్తే ఆయన మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్, అంటే అమ్మేవాడు. ఏ నంబరూ లేకపోతే సలామ్ చెప్పి పంపేయండి.

రెండు. మీ కమాయీ ఎక్కడి నుంచి? "మీరిచ్చే ఫీజు తప్ప ఇంకేదీ లేదు" అని కాగితం మీద రాసిచ్చేవాడు కావాలి. మ్యూచువల్ ఫండ్లలో 2013 నుంచి డైరెక్ట్ ప్లాన్ అని ఒకటి ఉంది, అందులో కమిషన్ ఉండదు. రెండింటికీ ఏడాదికి ఒక శాతం తేడా ఉందనుకుంటే, పది లక్షల మీద ఏటా పది వేలు. పదిహేనేళ్లకు ఎంతో మీరే హిసాబ్ వేసుకోండి.

మూడు. నా డబ్బు ఎవరి ఖాతాలోకి పోతుంది? ఇది అన్నిటికంటే పెద్ద ప్రశ్న. సలహాదారుడి ఖాతాలోకి గానీ, అతని బామ్మర్ది ఫోన్‌పేకి గానీ ఒక్క రూపాయి పోకూడదు, అతని ఫీజు తప్ప. ఫండ్ డబ్బు ఫండ్‌కి, బీమా డబ్బు బీమా కంపెనీకి, నేరుగా మీ బ్యాంకు ఖాతా నుంచి పోవాలి. ఈ ఒక్క ఉసూల్ పాటించి ఉంటే మా ఖాలా ఈ రోజు తల ఎత్తుకుని తిరిగేది.

నాలుగు. రాతలో ఇస్తారా? ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడుగైన ఆయత్ దేని గురించి? సూరె బఖరాలో అప్పు లావాదేవీని రాసుకోండి, సాక్షులను పెట్టుకోండి అని చెప్పే ఆయత్. నమాజు గురించి కాదు, రోజా గురించి కాదు, రాత గురించి. అయినా "మనలో మనకు కాగితం ఏంది భాయ్" అనే మాట మన ఇళ్లలోనే వినబడుతుంది. కాగితం అడగడం బద్‌గుమానీ కాదు. అల్లాహ్ చెప్పిన పద్ధతి.

ఐదు. నుక్సాన్ వస్తే ఎంత రావొచ్చు? "అస్సలు రాదు" అన్నవాణ్ణి అక్కడే ఆపండి. ఇంత రాబడి గ్యారంటీ అని చెప్పే హక్కు సెబీ ఏ సలహాదారుడికీ ఇవ్వలేదు.

ఆరు. మా ఇంటి ఉసూల్ మీకు అర్థమవుతుందా? సూద్ వద్దు అంటే మొహం చిట్లించకుండా, టాటా ఎథికల్, టారస్ ఎథికల్ లాంటి ఫండ్ల గురించి, వాటి మంచీ చెడూ గురించి చెప్పగలగాలి. అవి షేర్లలో పెట్టే ఫండ్లు, పడతాయి కూడా, ఆ మాట కూడా చెప్పాలి. జకాత్ ఎంతో లెక్క కట్టడానికి కావాల్సిన వివరం ఇవ్వగలగాలి. నామినీగా ఒక కొడుకు పేరు రాసినంత మాత్రాన ఆ డబ్బంతా అతనిదే అయిపోదనీ, మన వరాసత్‌లో బీవీకి, బేటీకి, అమ్మీకి హిస్సాలు ఉన్నాయనీ, వసీయత్ మూడో వంతు దాటకూడదనీ తెలిసి ఉండాలి, లేదా తెలుసుకునే ఓపిక ఉండాలి. ఏది హలాల్, ఏది కాదు అనేది మాత్రం ఆలిమ్‌ని అడగండి. ఆలిమ్‌ని లెక్కలు అడగకండి, లెక్కలవాణ్ణి ఫత్వా అడగకండి. ఒకరి పని ఇంకొకరికి అప్పజెప్పబట్టే ఐఎంఏలు పుట్టాయి.

*

"ఇవన్నీ పెద్దోళ్ల మాటలు. నెలకు రెండు వేలు మిగిలేవాడికి ప్లానర్ ఎందుకు?" అని మీరు అడగొచ్చు. సబబే. సెబీ దగ్గర నమోదైన సలహాదారులు దేశం మొత్తంలో వెయ్యి చుట్టూనే ఉన్నారు. కర్నూలు వన్‌టౌన్‌లోనో, రాయచోటిలోనో బోర్డు కనిపించకపోవచ్చు. అయితే ఈ పని ఫోన్‌లో, వీడియోలో జరుగుతుంది. పెద్ద మొత్తం చేతికొచ్చినప్పుడు మాత్రం తప్పకుండా అడగండి: కువైట్ నుంచి తిరిగి వచ్చినప్పుడు, పొలం అమ్మినప్పుడు, రిటైర్ అయినప్పుడు, భర్త పోయి బీమా డబ్బు వచ్చినప్పుడు. దొంగలు వచ్చేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే.

చిన్న మొత్తాలవాళ్లకు ప్లానర్ లేకపోయినా పర్వాలేదు. మూడో ప్రశ్న, ఐదో ప్రశ్న చాలు. చీటీ వేస్తున్నా అది చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరైందో లేదో అడగండి. తెలియని కంపెనీ డిపాజిట్ అడిగితే రిజర్వ్ బ్యాంకు నడిపే సచేత్ వెబ్‌సైట్‌లో దాని పేరు చూడండి. అనుమతి లేని డిపాజిట్ పథకాలు నడపడమే నేరమని 2019లో చట్టం వచ్చింది. బీమా పాలసీ తీసుకున్నాక తప్పు జరిగిందనిపిస్తే, కాగితాలు చేతికొచ్చిన 30 రోజుల్లోపు వెనక్కి ఇచ్చేయొచ్చు. మొహమాటపడి ఆ నెల దాటించకండి.

మస్జిద్ కమిటీల పెద్దలకు ఒక గుజారిష్. జుమా తర్వాత మస్జిద్ గేటు దగ్గర ఏ కంపెనీ కరపత్రమూ పంచనీయకండి. ఇమామ్ సాబ్‌ను ఏ ఆఫీసు రిబ్బన్ కోతకూ పిలవనీయకండి. ఆయన దువా చేసి వస్తారు, జనం దాన్ని జమానత్ అనుకుంటారు. రేపు తాళం పడితే జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే.

ఇంటి మగవాళ్లకు ఇంకో గుజారిష్. ప్లానర్ వచ్చినప్పుడు బీవీని పర్దా వెనక చాయ్ పెట్టే పనికి పంపకండి, పక్కన కూర్చోబెట్టండి. మన ఇళ్లలో చాలా డబ్బు ఆడవాళ్ల పసీనాదే. మహర్ ఆమెది, నగలు ఆమెవి, కువైట్ జీతం ఆమెది. సంతకం కూడా ఆమె చదివి పెట్టాలి.

నమోదు నంబరు ఉన్నంత మాత్రాన ప్రతివాడూ అమీన్ అయిపోడు, అదీ నాకు తెలుసు. కానీ నంబరు ఉన్నవాడి మీద శికాయత్ చేయడానికి సెబీ స్కోర్స్ అనే ఒక తలుపు ఉంది. ఖాలా కొట్టడానికి ఏ తలుపూ లేదు. తాళం వేసిన ఆ ఒక్క తలుపు తప్ప.

పోయిన ఈద్‌కి కడప వెళ్లాను. ఖాలా సేమియా పెట్టింది. చిన్న కూతురు ఇప్పుడు కువైట్‌లో ఉంది, నెలకు కొంత పంపుతోంది. "బేటా, ఇది ఎక్కడ పెట్టేది?" అని మళ్లీ నన్నే అడిగింది. అంత జరిగినా నన్నే. ఈసారి ఫోన్ పక్కన పెట్టేశాను. ఒక కాగితం తీసి, ఆ ఆరు ప్రశ్నలు ఉర్దూలో రాసి, రెండు గంటలు ఆమె పక్కన కూర్చున్నాను. సాయంత్రం ఆ కాగితం మడిచి బురఖా జేబులో పెట్టుకుని, పక్కింటి ఆపా తలుపు కొట్టింది. చాలా నెలల తర్వాత.